సెమినార్ల పట్టికలో ఉన్నవి, లేనివి: న్యూరోసైన్స్ పరిశోధక విద్యార్థుల కోసం

కొత్త సెమిస్టర్ మొదలైన వారంలోనే విభాగం నుంచి ఒక ఈమెయిల్ వస్తుంది. రాబోయే నాలుగైదు నెలల్లో జరిగే సెమినార్లు, జర్నల్ క్లబ్బులు, వర్క్‌షాపులు, దరఖాస్తుల గడువు తేదీలు అందులో ఉంటాయి. అదే పట్టికను ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అంటిస్తారు. అందరికీ ఒకటే పట్టిక. ఫలానా వాళ్లు రాకూడదని అందులో ఎక్కడా ఉండదు.

మేము న్యూరోసైన్స్‌లోనూ, దాని చుట్టుపక్కల విభాగాల్లోనూ పీహెచ్‌డీ చేస్తున్న దళిత విద్యార్థులం. మాలో ఎక్కువమంది ముప్పై దాటినవాళ్లం. మధ్యలో ఉద్యోగాలు చేసి, ఇంటి అప్పులు కొంత తీర్చి, మళ్లీ చదువుకు వచ్చినవాళ్లం. మొదటి ఏడాది ఆ పట్టిక చూసినప్పుడు సగం మాటలు మాకు అర్థం కాలేదు. ‘బ్రౌన్ బ్యాగ్ సెమినార్’ అంటే ఎవరి భోజనం వాళ్లు తెచ్చుకుని తింటూ వినే సభ అని తెలియక, మాలో ఒకరు మెస్‌లో తిని ఆలస్యంగా వెళ్లారు. లోపల అందరూ డబ్బాలు విప్పుకుని కూర్చుని ఉంటే, తప్పు గదికి వచ్చాననుకుని వెనక్కి వచ్చేశారు. ఇప్పుడు నవ్వుకుంటాం. కానీ ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లలో చాలామందికి ఆ మాట ఎవరూ ప్రత్యేకంగా చెప్పలేదు. అక్కో, బాబాయో, తల్లిదండ్రుల్లో ఒకరో ఇలాంటి గదుల్లో కూర్చుని వచ్చినవాళ్లు కాబట్టి వాళ్లకు ముందే తెలుసు.

ఈ ఏడాది న్యూరోసైన్స్‌లో చేరిన, చేరబోతున్న మన పిల్లల కోసం ఆ పట్టికను విడమర్చి చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం. పట్టికలో ఉన్నవాటితో పాటు, పట్టికలో ఎప్పుడూ కనిపించనివాటి గురించి కూడా చెప్పాలి. అసలు తేడా అక్కడే వస్తోందని మా అనుభవం.

సెమినార్ మనకు చిన్న విషయం కాదు

1916 మే 9న న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో, గోల్డెన్‌వైజర్ నడిపే మానవశాస్త్ర సెమినార్‌లో పాతికేళ్ల విద్యార్థి ఒకరు ఒక పత్రం చదివారు. ఆ విద్యార్థి భీంరావ్ అంబేద్కర్. ఆ పత్రం ‘భారతదేశంలో కులాలు’. కులం ఎలా పుట్టింది, ఎలా కొనసాగుతోంది అన్న ప్రశ్నను ఆయన ఒక విద్యార్థి సెమినార్‌లో, తోటి విద్యార్థుల ముందు, శాస్త్రీయంగా పరీక్షకు పెట్టారు. మరుసటి ఏడాది అది పత్రికలో అచ్చయింది. నూరేళ్లు దాటినా ఇప్పటికీ దాన్ని చదువుతున్నాం.

దానికి దాదాపు వందేళ్ల తర్వాత, 2016 జనవరి 17న, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణించాడు. అంతకుముందు అతనితో సహా ఐదుగురు దళిత పరిశోధకులను హాస్టళ్ల నుంచి వెలివేశారు. క్యాంపస్‌లో నలుగురూ కలిసే చోట్లకు గుంపుగా రాకూడదన్నారు. తమ విభాగాలకు, లైబ్రరీకి, తమ రంగానికి చెందిన సెమినార్లకు మాత్రం వెళ్లొచ్చన్నారు. ‘చదువు ఆపలేదు కదా’ అన్నది దాని అర్థం. కానీ హాస్టల్ గది, మెస్ బల్ల, క్యాంటీన్ టీ లేని సెమినార్ ఎంత సెమినార్? విన్నదాని మీద రాత్రి పదింటికి స్నేహితుడితో వాదించే చోటు లేకపోతే ఆ వినడంలో సగం పోయినట్టే. గది తలుపు తెరిచి ఉంచి, గది చుట్టూ ఉన్నదంతా మూసేయొచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకుని పట్టికను చూద్దాం.

పట్టికలో ఉన్నవి

జర్నల్ క్లబ్: వారానికోసారి ఒక విద్యార్థి ఈ మధ్య అచ్చయిన ఒక పరిశోధన పత్రాన్ని ఎంచుకుని, పటం పటంగా విప్పి చెబుతారు. మిగతావాళ్లు తప్పులు వెతుకుతారు. శాంపిల్ ఎంత, కంట్రోల్ సరిగా ఉందా, గ్రాఫులో చూపించింది నిజంగా ఆ ముగింపుకు దారితీస్తుందా అని అడుగుతారు. పెద్ద పత్రికలో వచ్చిందంటే నిజమే అయ్యుంటుందన్న భయభక్తి పోయేది ఇక్కడే. ఇంగ్లీషు గురించి బెంగ ఉన్నవాళ్లకు మా సలహా: మొదటి నెలలోనే మీ వంతు అడిగి తీసుకోండి. ఆలస్యం చేసేకొద్దీ భయం పెరుగుతుంది. ఒక్క పటాన్ని పూర్తిగా అర్థం చేసుకుని చెప్పినా చాలు.

పని జరుగుతుండగా చెప్పే సభ: దీన్ని ‘వర్క్ ఇన్ ప్రోగ్రెస్’ అంటారు. పూర్తికాని పనిని, కొన్నిసార్లు చెడిపోయిన ప్రయోగాన్ని కూడా విభాగం ముందు పెట్టడం. ఎలుక మెదడు ముక్కలోని నాడీకణం మీద గాజు పిపెట్ నిలవడం లేదని నెలల తరబడి ఒంటరిగా బాధపడే బదులు, ఇక్కడ చెబితే పక్క ల్యాబ్‌లో ఎవరో ద్రావణం మార్చి చూడమంటారు. చెడిపోయిందని చెబితే ‘కోటాలో వచ్చావు కదా’ అన్న చూపు చూస్తారేమోనని మనవాళ్లు చాలామంది ఈ సభలో పూర్తయిన పని మాత్రమే చెబుతారు. నష్టం మనకే జరుగుతుంది. సాయం దొరికే చోట సాయం అడగలేకపోతున్నాం.

సలహా సంఘం ముందు ప్రగతి నివేదన: 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్‌కు ఒకసారి పరిశోధన సలహా సంఘం ముందు హాజరై పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. ఇది సెమినార్‌లా కనిపించినా నిజానికి రికార్డు. సంఘం ఏమందో రాతపూర్వకంగా తీసుకోండి. మీ గైడు మీకు సమయం ఇవ్వడం లేదన్నా, పరికరం దొరకడం లేదన్నా, ఆ మాట కాగితం మీదికి ఎక్కాల్సిన చోటు ఇదే. ఇంకో సంగతి: 2016 నిబంధనలు థీసిస్ ఇచ్చేలోపు రెండు సదస్సుల్లో పత్రాలు సమర్పించడం, ఒక పత్రం అచ్చు వేయించడం తప్పనిసరి చేశాయి. 2022 నిబంధనలు ఆ షరతును తీసేశాయి. విశ్వవిద్యాలయం తన సొంత నియమాల్లో దాన్ని ఉంచుకుని ఉండొచ్చు. కాబట్టి మీ విభాగం నియమావళిని చేరిన నెలలోనే చదవండి. నాలుగో ఏట తెలిస్తే ఏడాది పోతుంది.

ఆహ్వానిత ఉపన్యాసం: బయటి నుంచి వచ్చిన శాస్త్రవేత్త గంటసేపు మాట్లాడతారు. మొదటి పదిహేను నిమిషాలు అందరికీ అర్థమయ్యేలా ఉంటుంది, ఆ తర్వాత ఆ రంగంలో ఉన్నవాళ్లకే. అంతా అర్థం కాకపోతే లోపం మీదని అనుకోవద్దు. పక్కన కూర్చున్న ప్రొఫెసర్లలో సగం మందికి కూడా అర్థం కాదు. అది బయటికి కనిపించకుండా కూర్చోవడం వాళ్లకు అలవాటు, అంతే.

పద్ధతుల వర్క్‌షాపులు, వేసవి పాఠశాలలు: ప్యాచ్ క్లాంప్, ఈఈజీ, మెదడు స్కానింగ్ విశ్లేషణ, పైథాన్‌లో కోడ్ రాయడం వంటివి మూడు రోజుల నుంచి మూడు వారాల దాకా చేతితో చేయించి నేర్పుతారు. న్యూరోసైన్స్‌లో ఉద్యోగం తెచ్చిపెట్టేది చాలావరకు ఈ చేతిపనే. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ నడిపే ‘క్యాంప్’ అనే కంప్యుటేషనల్ న్యూరోసైన్స్ పాఠశాల ఇలాంటిదే. 2020లో కోవిడ్ కాలంలో మొదలైన ‘న్యూరోమ్యాచ్ అకాడమీ’ పూర్తిగా ఆన్‌లైన్‌లో జరుగుతుంది. ఫీజు మనం ఉన్న దేశాన్ని బట్టి తగ్గుతుంది, కట్టలేనివాళ్లు మినహాయింపు అడగొచ్చు. గణితం గట్టిగా లేని జీవశాస్త్ర విద్యార్థులకు దీని పాఠాలు బాగా పనికొస్తాయి. అవి ఉచితంగా అందుబాటులో ఉంటాయి కూడా.

సదస్సులు: మన దేశంలో ఇండియన్ అకాడమీ ఆఫ్ న్యూరోసైన్సెస్ ఏటా సదస్సు జరుపుతుంది. యూరప్‌లో ఫెన్స్ ఫోరమ్ రెండేళ్లకోసారి వస్తుంది. అమెరికాలో సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ వార్షిక సమావేశానికి వేలాదిమంది వస్తారు. ఇక్కడ విద్యార్థి చేసేది ఎక్కువగా పోస్టర్: తన పనిని ఒక పెద్ద కాగితం మీద వేసి, దాని పక్కన నిలబడి వచ్చినవాళ్లకు వివరించడం. ఆ నిలబడిన రెండు మూడు గంటల్లో పోస్ట్‌డాక్ ఉద్యోగాలు కుదురుతాయి.

ప్రజల కోసం జరిగేవి: ఏటా మార్చిలో ప్రపంచమంతా ‘బ్రెయిన్ అవేర్‌నెస్ వీక్’ జరుగుతుంది. 1996లో అమెరికాలోని డేనా ఫౌండేషన్ మొదలుపెట్టింది. బెంగళూరు నిమ్హాన్స్‌లో అసలైన మానవ మెదళ్లను చూపించే మ్యూజియం ఉంది. మార్చి వారానికి మీ విభాగం ఏదో ఒక కార్పొరేట్ స్కూలుకు వెళ్దామంటుంది. సాంఘిక సంక్షేమ గురుకులానికి వెళ్దామని మీరు అడగండి. మాలో ఇద్దరు ఆ గురుకులాల్లో చదివే ఇక్కడికి వచ్చారు. ఆ రోజుల్లో ‘న్యూరోసైన్స్’ అన్న మాట మాకు ఎవరూ చెప్పలేదు.

పట్టికలో లేనివి

ఉపన్యాసం పట్టికలో ఉంటుంది, ఆ తర్వాతి భోజనం ఉండదు. వచ్చిన శాస్త్రవేత్తతో నలుగురైదుగురు విద్యార్థులు కలిసి భోంచేసే అలవాటు చాలా విభాగాల్లో ఉంది. ‘మీ ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ ఖాళీ ఉందా?’ అని అడగగలిగేది ఆ బల్ల దగ్గరే. ఆ నలుగురిని ఎవరు ఎంచుతారు? గైడు ‘నువ్వూ రా’ అంటే వెళ్తారు. అనకపోతే లేదు. నియమం లేని చోట చనువు పనిచేస్తుంది. చనువు ఎవరి మధ్య సులువుగా పుడుతుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. భాష, తిండి, ఊరు, ఇంటిపేరు, చదివిన స్కూలు అన్నీ అందులో ఉంటాయి.

ప్రశ్న అడగడం కూడా అలాంటిదే. పది దేశాల్లో 247 సెమినార్లను గమనించి 2018లో ‘ప్లాస్ వన్’ పత్రికలో అచ్చయిన ఒక అధ్యయనం, మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లు ప్రశ్న అడిగే అవకాశం రెండున్నర రెట్లు తక్కువని తేల్చింది. మొదటి ప్రశ్న మగవాళ్లు అడిగినప్పుడు ఆ తేడా ఇంకా పెరిగిందని కూడా చెప్పింది. ఒక్క మొదటి ప్రశ్న ఎవరికిచ్చారన్నది గది మొత్తాన్ని మారుస్తుందన్నమాట. కులం విషయంలో ఇలా లెక్కపెట్టిన పనిని మేము చూడలేదు. కానీ వెనక వరుసలో కూర్చుని, ప్రశ్నను నోటుబుక్కులో ఇంగ్లీషులో రెండుసార్లు రాసి దిద్దుకుని, చెయ్యెత్తేలోపు సమయం అయిపోయిన అనుభవం మా అందరికీ ఉంది.

సదస్సుల్లో రాత్రి భోజనాలూ పట్టికలో ఉండవు. విదేశాల్లో జరిగే సమావేశాల్లో మనదేశం వాళ్లంతా ఒకచోట చేరినప్పుడు ‘మీ ఇంటిపేరు?’, ‘మీది ఏ ఊరు, ఊళ్లో ఎటువైపు?’ అని మొదలవుతుంది. జవాబు విన్నాక మాట తీరు మారడం మాలో ఒకరు చూశారు. అందుకే అక్కడి విశ్వవిద్యాలయాల నియమాలు తెలిసి ఉండటం మంచిది. అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థ 2022లో, తమ వివక్ష వ్యతిరేక విధానాల్లో కులాన్ని చేర్చాయి. అలాంటి చోట చదువుతున్న మనవాళ్లకు ఫిర్యాదు చేయడానికి ఒక పేరూ, ఒక దారీ ఉన్నాయి.

ముందు పెట్టాల్సిన డబ్బు

ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే జాతీయ ఫెలోషిప్ 2005-06లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలైంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000 రూపాయలు. సైన్సు విద్యార్థులకు పుస్తకాలు, ప్రయాణాలు వగైరాలకు ఇచ్చే కంటింజెన్సీ మొదటి రెండేళ్లు ఏడాదికి 12,000, ఆ తర్వాత 25,000. ఐరోపాకో అమెరికాకో విమాన టికెట్ ఒక్కటే దీన్ని దాటిపోతుంది.

అందుకే ప్రయాణ సాయం పథకాలున్నాయి. 1961లో ఏర్పడిన అంతర్జాతీయ మెదడు పరిశోధన సంస్థ ఇబ్రో మనలాంటి దేశాల విద్యార్థులకు సాయం ఇస్తుంది. సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ కూడా విద్యార్థులకు అవార్డులు ఇస్తుంది. కేంద్రంలో ఒకప్పటి సెర్బ్ స్థానంలో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్, దానితోపాటు సీఎస్‌ఐఆర్, డీబీటీ ఉన్నాయి. వీటన్నిటికీ సదస్సుకు నాలుగైదు నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. గైడు లేఖ కావాలి.

అసలు చిక్కు ఇంకో చోట ఉంది. చాలా సందర్భాల్లో డబ్బు తర్వాత వస్తుంది. ముందు మన జేబులోంచి టికెట్, రిజిస్ట్రేషన్, వీసా ఫీజు, హోటల్ కట్టాలి. తిరిగొచ్చాక బిల్లులు పెడితే కొన్ని నెలలకు ఖాతాలో పడుతుంది. నాన్న క్రెడిట్ కార్డు ఉన్న విద్యార్థికి ఇది కాగితాల పని. ఫెలోషిప్ డబ్బే నెలల తరబడి రాక, వచ్చిన దాంట్లో సగం ఇంటికి పంపే విద్యార్థికి ఇది మూసిన తలుపు. మాలో ఒకరి పోస్టర్ ఒక విదేశీ సదస్సుకు ఎంపికైంది, పాక్షిక సాయం కూడా మంజూరైంది. లక్షకు పైగా ముందు పెట్టాలి. అడగ్గలిగిన ఇద్దరినీ అడిగారు. ఒకరు లేదన్నారు, ఇంకొకరు నూటికి మూడు రూపాయల వడ్డీ అన్నారు. వెళ్లలేదు. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని నిర్వాహకులకు రాశారు. విభాగం రికార్డులో అది విద్యార్థి వదులుకున్న అవకాశంగా మిగిలింది.

నివారణ కష్టమేమీ కాదు. రిజిస్ట్రేషన్ ఫీజును, టికెట్‌ను విశ్వవిద్యాలయమే నేరుగా కట్టొచ్చు. లేదా మంజూరైన మొత్తంలో చాలా భాగాన్ని అడ్వాన్సుగా ఇచ్చి, తిరిగొచ్చాక లెక్క సరిచూసుకోవచ్చు. అధ్యాపకుల అధికారిక ప్రయాణాలకు అడ్వాన్సు ఇచ్చే పద్ధతి ఉన్నప్పుడు విద్యార్థులకు ఎందుకు లేదని అడగాలి.

వేదిక మీద ఎవరు

న్యూరోసైన్స్ సదస్సుల్లో ఎంతమంది మహిళలను మాట్లాడటానికి పిలుస్తున్నారో లెక్కపెట్టే పనిని 2015లో ప్రిన్స్‌టన్ శాస్త్రవేత్త యాయెల్ నివ్ ‘బయాస్‌వాచ్‌న్యూరో’ పేరుతో మొదలుపెట్టారు. ఆ రంగంలో ఎంతమంది మహిళలున్నారు, వేదిక మీద ఎంతమంది ఉన్నారు అని పక్కపక్కన పెట్టి చూపించడమే వాళ్లు చేసింది. 2020లో మన దేశంలో న్యూరోసైంటిస్టు శ్రుతి మురళీధర్, వైష్ణవి అనంతనారాయణన్ కలిసి ‘బయాస్‌వాచ్ ఇండియా’ మొదలుపెట్టి మన సైన్సు సదస్సులను అలాగే లెక్కించారు. అదే 2020 జూలైలో అమెరికాలో అప్పటికి పరిశోధక విద్యార్థిని అయిన ఆంజెలీన్ డ్యూక్స్ ‘బ్లాక్ ఇన్ న్యూరో’ అనే వేదికను కట్టారు. తన చుట్టూ తనలాంటి నల్లజాతి న్యూరోసైంటిస్టులు కనిపించకపోతే, వాళ్లను ఆమె వెతికి ఒకచోట చేర్చారు. వారం రోజుల ఆన్‌లైన్ కార్యక్రమంతో మొదలై అది సంస్థగా నిలబడింది. ‘పిలుద్దామంటే ఎవరూ లేరు’ అన్న సాకుకు ఆ పేర్ల జాబితాయే జవాబు.

కులం దగ్గరకు వచ్చేసరికి చట్టమే ఒక గీత గీసింది. ఓబీసీ రిజర్వేషన్ల చర్చతో అందరికీ గుర్తున్న 2006 నాటి కేంద్రీయ విద్యాసంస్థల ప్రవేశాల రిజర్వేషన్ చట్టం నుంచి, 2019 నాటి అధ్యాపక పోస్టుల రిజర్వేషన్ చట్టం నుంచి కొన్ని సంస్థలకు మినహాయింపు ఉంది. ఆ చట్టాల షెడ్యూలులో ఎనిమిది సంస్థల పేర్లున్నాయి. హర్యానా మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఎన్‌బీఆర్‌సీ వాటిలో ఒకటి. టీఐఎఫ్‌ఆర్ మరొకటి, ఎన్‌సీబీఎస్ దాని బెంగళూరు కేంద్రమే. న్యూరోసైన్స్ విభాగం ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ కూడా ఆ జాబితాలో ఉంది. ఈ సంస్థలు ప్రవేశాల్లో తమంతట తాము పాటించే పద్ధతులు ఏవైనా ఉండొచ్చు. మేము చెబుతున్నది చట్టం పెట్టే బాధ్యత గురించి. దేశంలో మెదడు పరిశోధనకు పేరున్న చోట్లలో కొన్ని ఆ బాధ్యత బయట ఉన్నాయి. సెమినార్లకు వక్తలుగా వచ్చేది ఎక్కువగా అలాంటి సంస్థల నుంచే. వేదిక మీద మనవాళ్లు ఎందుకు కనిపించరన్న ప్రశ్నకు ఒక జవాబు ఇక్కడ ఉంది.

అయితే వక్తల కులాన్ని పేర్లు చూసి ఊహించి లెక్కపెట్టమని మేము అనడం లేదు. అది తప్పుల తడకగా ఉంటుంది. కులం బయటపెట్టుకోకుండా బతుకుతున్న మనవాళ్లను రోడ్డున పడేస్తుంది కూడా. లెక్కపెట్టదగినవి వేరే ఉన్నాయి. విశ్వవిద్యాలయం దగ్గర ప్రతి విద్యార్థి ప్రవేశ కేటగిరీ ఇప్పటికే ఉంది. ఏడాదిలో ప్రయాణ సాయం ఎంతమందికి వచ్చింది, వర్క్‌షాపులకు ఎవరిని పంపారు, ఎన్ని దరఖాస్తులు తిరస్కరించారు అన్నవాటిని పేర్లు లేకుండా కేటగిరీ వారీగా ప్రకటించవచ్చు. ప్రకటించకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజుతో అడగొచ్చు.

ఆ గదిలో అడగని ప్రశ్నలు

‘ఎవరు కూర్చుంటే ఏమిటి, సైన్సు సైన్సే కదా’ అని కొందరు అంటారు. ఈఈజీ సంగతి చూడండి. మెదడు విద్యుత్ సంకేతాలు పట్టాలంటే ఎలక్ట్రోడ్ తల చర్మానికి ఆనాలి. ఒత్తుగా, రింగులు తిరిగిన జుట్టున్న ఆఫ్రికన్ అమెరికన్లకు మామూలు ఎలక్ట్రోడ్లు సరిగా ఆనవు. దాంతో వాళ్లను ప్రయోగాల నుంచి తీసేయడం మామూలైపోయింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆర్నెల్ ఎటియెన్ అనే నల్లజాతి విద్యార్థిని ఇది జుట్టు లోపం కాదు, పరికరం లోపం అని చూసి, జడపాయల మధ్య ఇమిడే క్లిప్పులను తోటివాళ్లతో కలిసి తయారుచేశారు. 2020లో ఆ పని అచ్చయింది. ఆ గదిలో ఆమె లేకపోతే ఆ ప్రశ్న ఇంకెన్నాళ్లు ఆగేదో.

మన ప్రశ్నలు మనకున్నాయి. ఎసిటైల్‌కోలిన్ గురించి ప్రతి న్యూరోసైన్స్ విద్యార్థీ మొదటి సెమిస్టర్‌లోనే చదువుతాడు. దాన్ని విడగొట్టే ఎంజైమును ఆర్గనోఫాస్ఫేట్ పురుగుమందులు అడ్డుకుంటాయని కూడా చదువుతాడు. పాఠంలో అది ఒక బొమ్మ. మాలో ఒకరికి అది పత్తి చేలో మందు కొట్టి వచ్చి, చొంగ కారుతూ, చేతులు వణుకుతూ మంచం మీద పడుకున్న నాన్న. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన రైతులు, కూలీలు 20 మందికి పైగా చనిపోయారు. బతికినవాళ్ల జ్ఞాపకశక్తి, నిద్ర, మనసు ఏళ్ల తరబడి ఎలా ఉన్నాయన్నది ఒక పూర్తి సెమినార్‌కు సరిపడే విషయం.

మురుగు గుంతల్లో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా నాడీవ్యవస్థ మీద పనిచేసే విషమే. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. పది లక్షల్లో వంద వంతులకు చేరేసరికి వాసన పట్టే శక్తే నిమిషాల్లో ఆగిపోతుంది. అంటే ప్రమాదం పెరిగినప్పుడే వాసన పోయినట్టు అనిపిస్తుంది. ఇంకా పెరిగితే ఊపిరిని నడిపే మెదడు భాగం ఆగిపోతుంది. 2013లో చట్టం వచ్చినా గుంతల్లోకి దిగేది ఎవరో మనకు తెలుసు. ఘ్రాణశక్తి మీద జరిగే సెమినార్లలో ఎలుకల గురించి విన్నాం, ఈగల గురించి విన్నాం. ఈ మనుషుల గురించి మా విభాగంలో ఒక్కసారీ వినలేదు. ఎలుకల మీద పని వద్దని కాదు. ఈ ప్రశ్న వేసేవాళ్లు ఆ గదిలో చెయ్యెత్తే రోజు రావాలంటున్నాం.

ఈ సెమిస్టర్‌లో చేయగలిగినవి

విద్యార్థులకు: పట్టిక రాగానే గడువు తేదీలను వేరే కాగితం మీద రాసుకోండి, ఉపన్యాసాల కంటే అవి ముఖ్యం. వచ్చే వక్త పత్రం ఒక్కటి ముందురోజు చదవండి, ఒక్క ప్రశ్న సిద్ధం చేసుకోండి. భోజనానికి రావొచ్చా అని గైడును ఈమెయిల్‌లో అడగండి, నోటిమాట మర్చిపోతారు. సీనియర్లయితే జూనియర్లను కూర్చోబెట్టుకుని ఒక సాయంత్రం ఈ మాటలన్నీ చెప్పండి. హాస్టల్ గదిలో మా పోస్టర్ రిహార్సళ్లు అలాగే మొదలయ్యాయి. తెలుగులో వివరించి, తర్వాత ఇంగ్లీషులో చెప్పడం. తెలుగులో చెప్పలేకపోయామంటే మాకు అర్థం కాలేదని తెలిసిపోయేది.

విభాగాలకు: వక్తతో భోజనానికి పేర్లు నమోదు చేసుకునే బహిరంగ పట్టిక పెట్టండి, వంతులవారీగా పంపండి. మొదటి ప్రశ్న విద్యార్థికివ్వండి. చేరిన వారంలోనే పైన చెప్పిన మాటలన్నీ వివరించే ఒక గంట సమావేశం పెట్టండి, అందరి కోసం. ప్రయాణ డబ్బు అడ్వాన్సుగా ఇవ్వండి. ఎవరికిచ్చారో కేటగిరీ వారీగా ఏటా ప్రకటించండి. 2012లో యూజీసీ తెచ్చిన సమానత్వ నిబంధనలు సమాన అవకాశాల సెల్, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలన్నాయి. ఆ అధికారి ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో సెమినార్ల పట్టిక కిందే రాయండి.

వీటిలో దేనికీ కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పరికరం అక్కర్లేదు. చనువుతో నడిచేదాన్ని నియమంతో నడిపితే చాలు. పోస్టర్ ఎంపికై కూడా వెళ్లలేకపోయిన మా మిత్రుడు ఈ ఏడాది మళ్లీ దరఖాస్తు పెట్టాడు. ఈసారి దానితోపాటు ఇంకో కాగితం కూడా ఇచ్చాడు: మంజూరైతే డబ్బు ముందే ఇప్పించమని. విభాగం ఆ కాగితం తీసుకుని రశీదు ఇచ్చింది. జవాబు కోసం ఎదురుచూస్తున్నాం.